మన రోడ్ల మీద కార్బన్ ఫైబర్ చక్రాలు వేయించొచ్చా?

పెన్నా_గట్టు (నెల్లూరు), శుక్రవారం రాత్రి 9:05
అందరికీ నమస్కారం. నా దగ్గర బీఎండబ్ల్యూ ఎం340ఐ ఉంది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 19 అంగుళాల చక్రాలు, ముందు 225/40, వెనక 255/35 టైర్లు. వీటి బదులు అదే సైజులో కార్బన్ ఫైబర్ చక్రాలు వేయించాలని రెండేళ్లుగా ఆశ. కనుక్కుంటే నాలుగూ కలిపి, కస్టమ్సుతో పదిహేను లక్షలు దాటుతుందన్నారు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను, దాని మీద మాత్రం సలహా వద్దు. రోజూ తిరిగేది నెల్లూరు నుంచి ముత్తుకూరు దగ్గర మా రొయ్యల చెరువుల దాకా. నెలకు రెండుసార్లు చెన్నై. ఏడాదికి రెండు మూడుసార్లు ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్. వాడినవాళ్లు, విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

రిమ్ము_మేస్త్రి (ఒంగోలు), రాత్రి 9:40
వద్దు తమ్ముడూ. ఇరవై రెండేళ్లుగా టైర్ల షాపు నడుపుతున్నా. వానాకాలం వస్తే రోజుకు నాలుగైదు అల్లాయ్ రిమ్ములు బెండు తీస్తాను. చీమకుర్తి వైపు నుంచి వచ్చే గ్రానైట్ లారీలు దారంతా రాళ్లు రాలుస్తాయి. వెనక 35 ప్రొఫైల్ (టైరు వెడల్పులో 35 శాతమే ఎత్తు) అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య తొమ్మిది సెంటీమీటర్ల రబ్బరు కూడా ఉండదు. గుంటలో దిగితే దెబ్బ నేరుగా అంచుకే. అల్యూమినియం వంగుతుంది. వంగితే స్టీరింగ్ ఊగుతుంది, నీకు తెలుస్తుంది, షాపుకు వస్తావు. కార్బన్ అలా వంగదు. లోపల పొరలు విడిపోతాయి, పైన మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. దాన్ని వేడి చేసి సరిచేయలేం, వెల్డింగ్ పట్టదు. మన రెండు జిల్లాల్లో దాన్ని పరీక్ష చేసే మిషను కూడా నేను చూడలేదు.

కావలి_కుర్రోడు, రాత్రి 9:52
మన ఎండలకి కరిగిపోదా అన్నా?

పెన్నా_గట్టు, రాత్రి 10:20
కావలి తమ్ముడూ, ఎండకేం కాదు. చక్రానికి అసలు వేడి బ్రేకుల నుంచి వస్తుంది. ట్రాక్ మీద డిస్కు వందల డిగ్రీలకు పోతుంది, దాని ముందు మన 45 డిగ్రీల ఎండ ఎంత. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచే రెజిన్‌కు ఆ బ్రేకు వేడే ప్రమాదం. అందుకే ఫోర్డ్ 2015లో షెల్బీ జీటీ350ఆర్ చూపించినప్పుడు చక్రం లోపలి వైపు సిరామిక్ పూత వేయించింది. ఆ చక్రాలు చేసింది ఆస్ట్రేలియాలోని కార్బన్ రెవల్యూషన్. అల్యూమినియంలో ఒక్కోటి 15 కిలోలుండేది కార్బన్‌లో 8 కిలోలకు వచ్చింది. పోర్షే కూడా 2017లో 911 టర్బో ఎస్ ఎక్స్‌క్లూజివ్ సిరీస్‌కు కార్బన్ చక్రాలిచ్చింది, నాలుగూ కలిపి ఎనిమిదిన్నర కిలోలు తగ్గాయి. ఇవి ప్రయోగాలు కావు, రోడ్డు మీదికొచ్చిన కార్లు.

మొన్న నా వెనక చక్రం విప్పి రొయ్యలు తూచే కాటా మీద పెట్టించాను. 23 కిలోల 200 గ్రాములు. కార్బన్ వేస్తే ఒక్కోదానికి నాలుగు కిలోలు తగ్గుతుంది. స్ప్రింగుల కింద ఒక కిలో తగ్గితే పైన నాలుగు కిలోలు తగ్గినట్టు అంటారు. లెక్క వేసుకోండి.

రిమ్ము_మేస్త్రి, రాత్రి 10:31
ఆ 23 కిలోలు టైరుతోనా, ఉత్త రిమ్మా?

పెన్నా_గట్టు, రాత్రి 10:33
టైరుతోనే.

రిమ్ము_మేస్త్రి, రాత్రి 10:38
మరి అది ముందే చెప్పాలి కదా. అందులో సగం దాకా టైరే. ఫోర్డ్ 15 కిలోలంటున్నది ఉత్త చక్రం, నువ్వు 23 అంటున్నది టైరుతో. రెండూ ఒకే చోట రాస్తే చదివేవాడు 23 కాస్తా 8 అవుతుందనుకుంటాడు.

పెన్నా_గట్టు, రాత్రి 10:41
నాలుగు కిలోలు తగ్గుతుందని కింద స్పష్టంగా రాశాను. మళ్లీ చదవండి.

రిమ్ము_మేస్త్రి, రాత్రి 10:44
చదివాను. ఉత్త రిమ్ము తూచావా లేదా? తూచలేదు. మరి నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది?

గూడూరు_మెకానికల్, రాత్రి 11:02
ఇద్దరూ కాటా దగ్గరే ఆగిపోయారు. ఆ ‘ఒకటికి నాలుగు’ అనే లెక్కకు ఆధారం లేదు. బండి ముందుకు ఉరికేటప్పుడు చక్రం అంచున ఉన్న కిలో బరువు మహా అయితే రెండు కిలోల లెక్క. హబ్బు (చక్రం నడిమధ్య) దగ్గరున్న బరువుకు ఆ రెట్టింపు కూడా ఉండదు. తేలిక చక్రంతో వచ్చే పెద్ద లాభం గతుకుల దగ్గర. షాకబ్జార్బరు అదుపు చేయాల్సిన బరువు తగ్గి, టైరు రోడ్డును వదలకుండా ఉంటుంది. కాబట్టి గతుకుల రోడ్డు మీద తేలిక చక్రం మంచిదే, గుంటల రోడ్డు మీద కార్బన్ చక్రం భయమే. మన దగ్గర రెండూ ఒకటే రోడ్డు.

సింగరాయకొండ_రైడర్, రాత్రి 11:10
ఫోర్జ్‌డ్ అల్యూమినియం (ఒత్తి గట్టిపరిచినది) వేయించు అన్నా. బరువూ తగ్గుతుంది, ధర కార్బన్‌లో సగం కూడా ఉండదు.

పెన్నా_గట్టు, రాత్రి 11:15
అల్యూమినియం వద్దు. ఇప్పుడున్నదీ అల్యూమినియమే.

ఉదయగిరి_ప్లీడరు, శనివారం ఉదయం 6:50
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ వచ్చింది, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సైజు అదే ఉంటే ఆపేవాళ్లు తక్కువ. కానీ ఇన్సూరెన్స్ కంపెనీకి రాసిచ్చి పాలసీలో ఎక్కించుకోకపోతే, యాక్సిడెంట్ రోజున వాళ్లు మొదట చూసేది ఆ చక్రాలే.

కావలి_కుర్రోడు, ఉదయం 7:30
హైవే ఎక్కితే గుంటలెక్కడివి? కొరిశపాడు దగ్గర హైవే మీదే 2022 డిసెంబర్‌లో వాయుసేన విమానాలు కిందికొచ్చి ట్రయల్ వేశాయి.

రిమ్ము_మేస్త్రి, ఉదయం 8:05
హైవే బాగానే ఉంటుంది తమ్ముడూ. ఇంటి నుంచి హైవే దాకా పోవాలి కదా.

ఇంకో మాట. ముత్తుకూరు రోడ్డంటే రొయ్యల బండ్ల నుంచి ఉప్పు నీళ్లు కారుతూనే ఉంటాయి. కార్బనూ అల్యూమినియమూ తగులుకుని మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. కంపెనీవాళ్లు మధ్యలో వేరే పొర వేస్తారు, నిజమే. ఆ పొర ఒక చోట గీసుకుపోతే? బోల్టు కూర్చునే చోట లోహపు బుష్షు ఉంటుంది, దాన్ని ఏ పంక్చర్ షాపువాడో గాలి గన్నుతో బిగిస్తే?

మూడేళ్ల కిందట ఒకాయన ఇంటర్నెట్‌లో కొన్న రిమ్ములు తెచ్చి ఎక్కించమన్నాడు. హబ్బు రంధ్రం పెద్దది, మధ్యలో రింగు లేదు. వద్దని చెప్పాను, వినలేదు, ఎక్కించాను. నెలకు బోల్టు విరిగింది. పది మందిని వెంటేసుకుని వచ్చి షాపు ముందు కూర్చున్నాడు. రిమ్ములు అమ్మినవాడు ఫోను ఎత్తడు, నేను మాత్రం షట్టరు తెరిచి ఎదురుగా ఉంటాను. నలభై వేలు కట్టాను.

పెన్నా_గట్టు, ఉదయం 8:40
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ అది ఇక్కడ సాక్ష్యం ఎలా అవుతుంది? నేను అదే 5x112 బోల్టుల అమరిక, అదే సెంటర్ బోరు (హబ్బు రంధ్రం) చూసి తీసుకుంటున్నాను. బిగించేది కూడా మీరు కాదు, చెన్నై నుంచి మనిషిని రప్పిస్తాను. మీ షాపులో బాగుచేయలేని వస్తువు ఎవరూ కొనకూడదన్నట్టు మాట్లాడుతున్నారు.

రిమ్ము_మేస్త్రి, ఉదయం 8:52
ఓహో. చెన్నై మనిషికైతే చేతులు, మాకైతే కాళ్లా? పంక్చరైతే, బెండైతే, అర్ధరాత్రి వానలో టైరు పేలితే మేం కావాలి. ఖరీదైన వస్తువు ఎక్కించే రోజున చెన్నై మనిషి కావాలి. నీ లాంటోళ్లను ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా.

పెన్నా_గట్టు, ఉదయం 9:01
‘నీ లాంటోళ్లు’ అనకండి. మా నాన్న చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) పెట్టిన కొత్తలో మోటారు కాలితే వైండింగ్‌కు చెన్నై పంపేవాళ్లం. ఇవాళ మా ఊళ్లోనే ముగ్గురు చుడతారు. ముందు ఎవడో ఒకడు కొంటేనే కదా నేర్చుకునేది! బాగుచేసేవాడు పుట్టేదాకా కొనొద్దంటే ఏరియేటరూ వచ్చేది కాదు.

రిమ్ము_మేస్త్రి, ఉదయం 9:06
ఏరియేటరు ఆగితే ఒక పంట పోతుంది. నూట ఇరవై స్పీడులో రిమ్ము పోతే?

పెన్నా_గట్టు, ఉదయం 9:24
ఏమవుతుందో నాకు తెలుసు. మీరే అడిగారు కాబట్టి చెబుతున్నాను.

నాలుగేళ్ల కిందట మా అన్న కారు రిమ్ము పొదలకూరు రోడ్డులో గుంటలో పడి పగిలింది. ఒక షాపులో వెల్డింగ్ పెట్టి, గ్రైండింగ్ చేసి, సిల్వర్ స్ప్రే కొట్టి ఇచ్చారు. కొత్తదానిలా ఉంది. ‘ఇంక పదేళ్లు చూసుకోనక్కర్లేదు సార్’ అన్నాడు. మూడు నెలలకు నాయుడుపేట దాటాక ఆ చక్రం ముక్క ఊడిపోయింది. కారు డివైడరెక్కింది. అన్నకు కాలర్ బోన్ విరిగింది, వెనక సీట్లో ఉన్న వదినకు దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. బాగుచేసిన రిమ్ము అంటే నాకు అదీ. బాగుచేయడానికి వీల్లేని చక్రమే నాకు కావాలి. పాడైతే అవతల పారేస్తాను. ఎవడూ స్ప్రే కొట్టి నా చేతికివ్వలేడు.

కావలి_కుర్రోడు, ఉదయం 9:27
అయ్యో. ఇది తెలీదన్నా.

రిమ్ము_మేస్త్రి, ఉదయం 10:15
తమ్ముడూ, కస్టమరు ఉంటే పంపించి వచ్చాను.

వెల్డింగ్ ఎక్కడ పెట్టాడు? లోపలి అంచు మీదా, స్పోకు మొదట్లోనా? ఊడిన ముక్క ఎంత ఉంది?

పెన్నా_గట్టు, ఉదయం 10:22
స్పోకు మొదట్లో. అరచేతి కంటే పెద్ద ముక్క. ఆ రిమ్ము ఇంకా మా షెడ్డు వెనకే ఉంది, అమ్మ పారేయనివ్వలేదు.

రిమ్ము_మేస్త్రి, ఉదయం 10:40
అక్కడ వెల్డింగ్ పెట్టకూడదు. వేడి తగిలితే ఆ చుట్టూ అల్యూమినియం మెత్తబడుతుంది, ఫ్యాక్టరీలో చేసిన గట్టిదనం పోతుంది. స్పోకు పగిలితే నేను ముట్టుకోను, కొత్తది తెచ్చుకోమంటాను. లోపలి అంచు చిన్నగా వంగితే, చీలిక లేకపోతేనే తీస్తాను. ‘పక్క షాపులో చేస్తారు’ అని వెళ్లిపోయినవాళ్లు చాలామంది. అలా వెళ్లినవాళ్లలో మీ అన్నలాంటోళ్లు ఎంతమందో.

నువ్వు ఆ దెబ్బ చూశాక కార్బన్ అడుగుతున్నావని రాత్రే తెలిస్తే నేను వేరేగా మాట్లాడేవాణ్ణి. ఇప్పుడూ వద్దనే అంటాను. మీ అన్న రిమ్ముకు పైన స్ప్రే కప్పేసింది, లోపల చీలిక ఉండిపోయింది. కార్బన్‌కు గుంట దెబ్బ తగిలితే ఏ షాపువాడి తప్పూ లేకుండానే అదే పరిస్థితి. పారేస్తానంటున్నావు. పారేయాలని నీకెట్లా తెలుస్తుంది?

పెన్నా_గట్టు, ఉదయం 11:05
దానికి నా దగ్గర జవాబు లేదు. గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ విప్పి కంపెనీకి పంపాలేమో. అలా పంపుతానా అంటే, పంట పట్టే రోజుల్లో పంపలేను.

గూడూరు_మెకానికల్, ఉదయం 11:12
ట్రాక్‌కు వేరే సెట్టు, ముత్తుకూరుకు పాతవే. చాలామంది చేసేది అదే.

పెన్నా_గట్టు, ఉదయం 11:30
ఆలోచిస్తాను. మేస్త్రి అన్నా, ఆదివారం షాపు ఉంటుందా? ఆ పగిలిన రిమ్ము తెస్తాను, చూపించండి. నా నాలుగూ కూడా లోపలి వైపు ఒకసారి చూడాలి.

రిమ్ము_మేస్త్రి, ఉదయం 11:34
ఒంటిగంట దాకా ఉంటాను, పొద్దున్నే రా. బోల్టులు గన్నుతో బిగించను, టార్క్ రెంచి ఉంది. నీ బండికి 140 న్యూటన్ మీటర్లు. ఉత్త రిమ్ము కూడా తూచుదాం.