నాగసాకి రహస్య క్రైస్తవుల గురించి తెలిసినవారు చెప్పగలరా?

1614లో జపాన్ అంతటా క్రైస్తవ మతాన్ని నిషేధించారు. క్రమంగా క్యాథలిక్ గురువులే లేకుండా పోయారు. అయినా 1865లో ఉరకామి గ్రామస్థులు కొందరు నాగసాకిలోని ఓరా చర్చికి వచ్చి, ఫ్రెంచి గురువు పెతిజాన్‌తో తమదీ అదే విశ్వాసమని చెప్పి, మరియమాత విగ్రహం ఎక్కడుందని అడిగారు. రెండున్నర శతాబ్దాల తర్వాత! ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. గురువులు లేని ఆ కాలంలో రహస్యంగా ఊళ్లో ఒకరు జ్ఞానస్నానం ఇచ్చేవారట, మరొకరు పండుగల తేదీలు లెక్కగట్టేవారట. బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ ప్రతిమనే మరియమాతగా కొలిచేవారు.

నా ప్రశ్న ఇది: 1873లో నిషేధం తొలగాక కూడా కొన్ని కుటుంబాలు చర్చిలో ఎందుకు చేరలేదు? పూర్వీకుల పద్ధతి వదులుకోలేకనా, కొత్త గురువులు ఆ ఆచారాలను ఒప్పుకోకనా? జపాన్‌లో ఉంటున్న తెలుగువారు, ఈ చరిత్ర చదివినవారు దయచేసి చెప్పండి. మంచి పుస్తకం పేరు చెప్పినా, ఈ రహస్య క్రైస్తవులు నివసించిన, నాగసాకికి పడమరనున్న గోతో దీవుల్లో చూడదగ్గ చోటు చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.