దానంతట మొలిచిన పూలమొక్కని ఉంచాలా, పీకాలా?

కొత్తకుండీ: మొన్నటి వానలకి మా మిద్దె మీద ప్రతి కుండీలో బిళ్ళగన్నేరు, చంద్రకాంత మొలకలు లేచాయి. రాలిన గింజకి మంచి పూలు రావు, పీకేసి నర్సరీలో కొనుక్కోండి అంటున్నారు పక్కింటావిడ. ఊరికే వచ్చిన మొక్కని పీకడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఏళ్ళ తరబడి ఉండే పూలమొక్కల్ని గింజ నుంచి పెంచడం నిజంగా దండగేనా?

నర్సరీపక్షం: దండగే. ఇప్పుడు నర్సరీల్లో దొరికే గుబురు బిళ్ళగన్నేరులో చాలా రకాలు ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు రకాలని కలిపి తీసిన మొదటి తరం, ఆ పోలిక ఆ ఒక్క తరానికే. దాని గింజలు వేస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రంగులు కలగాపులగం. చోటు తక్కువున్నవాళ్ళు ఏం పూస్తుందో తెలియని మొక్కకి నెలల తరబడి నీళ్ళు పోయాలా?

పెరటిమనిషి: బిళ్ళగన్నేరు ఒక్కదాన్ని చూసి అన్నిటికీ తీర్పిచ్చేస్తే ఎలా అండీ? శంఖుపుష్పం ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి నీలం తీగ గింజకి దాదాపు నీలమే వస్తుంది, పైతోలు గట్టిది గనక గరుకుకాగితం మీద కాస్త రుద్ది రాత్రంతా నానబెడితే చాలు. చంద్రకాంత సంగతి వేరు. ఎరుపూ తెలుపూ కలిస్తే గులాబీ రంగు, ఆ గులాబీ రంగు మొక్క గింజల్లో మళ్ళీ ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1 లెక్కన వస్తాయి, ఇంటర్ బోటనీ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అదే ఆకు మీద తెల్ల మచ్చలైతే తల్లి నుంచే వస్తాయని జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ కారెన్స్ 1909లో ఈ మొక్క మీదే చూపించాడు. నచ్చిన రంగు పోకూడదనుకుంటే గింజ ఎందుకు, కింద దుంప ఉంది, పైన ఎండినా మళ్ళీ చిగురిస్తుంది. (గింజా, దుంపా విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే చూసుకోండి.)

ఇక కనకాంబరం. ఎండిన కాయకి తడి తగిలితే టప్పున పేలి గింజలు ఎగిరిపోతాయి, అందుకే నీళ్ళు పోయకముందే కాయలు కోసుకోవాలి. ఢిల్లీ కనకాంబరం మాత్రం ట్రిప్లాయిడ్, అంటే క్రోమోజోములు రెండు జట్లకి బదులు మూడు జట్లు, అందుకే గింజే కట్టదు, కొమ్మ నాటాల్సిందే.

నర్సరీపక్షం: చూశారా, మీరే కొమ్మ దగ్గరికి వచ్చారు. గులాబీకి కూడా గింజలే వేస్తారా?

పెరటిమనిషి: గులాబీ గింజ జోలికి నేనూ వెళ్ళను, అక్కడ అంటుమొక్కే. కానీ కనకాంబరానికి ఎండుతెగులు, వేళ్ళని పట్టే నులిపురుగులు మట్టిలోంచి వస్తాయి. కొన్న మొక్కతో పాటు ఎవరి మట్టి ఇంటికి తెచ్చుకుంటున్నామో ఎవరు చూస్తున్నారు? గింజతో ఆ గొడవ లేదు.

కొత్తకుండీ: అవన్నీ సరే, నా మొలకల్ని ఏం చేయమంటారు?

పెరటిమనిషి: చంద్రకాంతకి దుంప ఊరకముందే, నాలుగాకుల మీదున్నప్పుడే సాయంత్రం పూట మార్చేయండి. బిళ్ళగన్నేరు కుండీలో నీళ్ళు నిలవనివ్వకండి, మొదలు కుళ్ళిపోతుంది. తొలిపువ్వు చూశాక నచ్చనివి పీకేయండి.

నర్సరీపక్షం: మొలకే పీకలేనివారు పూసిన మొక్కని పీకుతారా! కుండీకి ఒకటి ఉంచి మిగతావి ఇవాళే ఆ పక్కింటావిడ చేత పీకించండి.