రెండు ఇంగ్లిష్ వాక్యాల మధ్య ఒట్టి కామా పెడితే తప్పా?

ఖమ్మం నాన్న: మావాడు తొమ్మిదో తరగతి. "ద రెయిన్ స్టాప్డ్, వి వెంట్ అవుట్" అని రాస్తే టీచరమ్మ కామా చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి అర మార్కు కోసేశారు. చదివితే అర్థమవుతూనే ఉంది కదా! తెలుగులో "వాన ఆగింది, బయటికెళ్లాం" అంటే ఎవరూ ఏమీ అనరు. ఇది నిజంగా తప్పా, లేక చాదస్తమా?

ప్రూఫ్‌రీడర్: టీచరుగారిదే రైటండి. దీన్ని కామా స్ప్లైస్ అంటారు. విడిగా నిలబడగల వాక్యాలు రెండు పక్కపక్కన వస్తే మధ్యలో ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి. కామానే కావాలంటే దాని వెనక 'సో' చేర్చాలి. అంతే.

నైట్ షిఫ్ట్: అంతే అని తేల్చేస్తే ఎలా? డికెన్స్ 1859లో 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్' మొదలుపెట్టిందే "ఇట్ వాజ్ ద బెస్ట్ ఆఫ్ టైమ్స్, ఇట్ వాజ్ ద వరస్ట్ ఆఫ్ టైమ్స్" అని. ఆ తర్వాత కూడా కామాల మీద కామాలే. ఆయనకెన్ని అర మార్కులు కోస్తారు?

ప్రూఫ్‌రీడర్: డికెన్స్‌ని పిల్లాడి పరీక్ష పేపర్లోకి లాగకండి బాబూ. 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' అని ఇంగ్లిష్ రాతకు రూల్స్ పుస్తకం రాసిన అమెరికన్ ప్రొఫెసర్ స్ట్రంక్, రూల్స్ దగ్గర మహా కచ్చితంగా ఉండే ఆయన కూడా 1918లో, రెండూ బాగా పొట్టివై ఒకే తీరులో నడిస్తే కామా చాలన్నాడు. "మ్యాన్ ప్రపోజెస్, గాడ్ డిస్పోజెస్" ఆయనిచ్చిన ఉదాహరణే. మనవాడి వాక్యాలు పొట్టివే, తీరే ఒకటి కాదు.

నైట్ షిఫ్ట్: అదే స్ట్రంక్ 'సో' ముందు కూడా సెమీకోలనే పెట్టమన్నాడు సార్! మీరేమో పైన కామా చాలంటున్నారు.

ప్రూఫ్‌రీడర్: దొరికిపోయాను. ఇప్పుడు మాత్రం అందరూ కామాయే పెడుతున్నారు.

ఇంగ్లిష్ టీచర్: నాకు అసలు తలనొప్పి 'హవెవర్'తో. "హి ఈజ్ పూర్, హవెవర్ హి ఈజ్ ఆనెస్ట్" అని కట్టలకొద్దీ పేపర్లు దిద్దాను. పిల్లల తప్పు కాదు, 'బట్' అన్నా 'హవెవర్' అన్నా మనకు 'కానీ'యే కదా. అందుకే క్లాసులో ఆ మాటను పక్కకు జరిపి చూడమంటాను. "హి ఈజ్, హవెవర్, ఆనెస్ట్" బాగానే ఉంటుంది. అక్కడే 'బట్' పెడితే వాక్యం చెడుతుంది. జరిగే మాటకు ముందు సెమీకోలన్, జరగని మాటకు ముందు కామా.

ఖమ్మం నాన్నగారూ, తెలుగులో మనం ఎక్కువగా అనేది "వాన ఆగాక వెళ్లాం", "వాన వచ్చి ఆట ఆగింది" అని. 'ఆగాక', 'వచ్చి' దగ్గర వాక్యం పూర్తవదు, కాబట్టి ఈ గొడవే రాదు. "ద రెయిన్ స్టాప్డ్" అనగానే అక్కడ పూర్తయిపోయింది.

ఖమ్మం నాన్న: మావాడికి చదివి వినిపించాను మేడమ్. "మరి 'ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్, వి వెంట్ అవుట్' అని రాస్తే కామా ఒక్కటీ చాలా?" అని అడుగుతున్నాడు.

ఇంగ్లిష్ టీచర్: చాలు. ఆ అర మార్కు నేనిచ్చేశానని చెప్పండి.