"తిలమాషోమా..." తర్వాత వచ్చేది భంగానా, శణమా?

నారచీర:
పాణిని వ్యాకరణ సూత్రం ఒకటి సగమే గుర్తొచ్చి వదలడం లేదు. "విభాషా తిలమాషోమా..." తర్వాత ఏమిటి? ఏ పంట పండే పొలాన్ని ఏమనాలో చెప్పే సూత్రం అది. తిల, మాష, ఉమ వరకూ వచ్చి ఆగిపోతున్నాను. అక్కడుండేది భంగానా, శణమా? రెండూ నార మొక్కల పేర్లే.

అవసరం ఏమిటంటే, నార కోసం వేసే హెంప్ పంట మీద వ్యాసం రాస్తున్నాను. గంజాయి వచ్చేదీ ఈ జాతి మొక్క నుంచే. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఈ మొక్కకు తలుపులు పూర్తిగా మూసెయ్యలేదు. నార కోసమో గింజ కోసమో పండించడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వచ్చని 14వ సెక్షన్‌లో ఉంది. ఆ దారినే 2018లో ఉత్తరాఖండ్ సాగుకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా కూడా హెంప్‌ను మత్తుపదార్థాల జాబితా నుంచి తప్పించింది. పత్రికల్లో మాత్రం "పారిశ్రామిక గంజాయి" అని వస్తోంది. ఆ మాట చూడగానే ఎవరికైనా పోలీసులే గుర్తొస్తారు, పంట కాదు. సూత్రంలో శణ ఉంటే మన "జనుము" అని ధైర్యంగా రాసేస్తాను.

కౌముది:
శణ లేదండీ, భంగాయే. "విభాషా తిలమాషోమాభంగాణుభ్యః", 5-2-4. ప్రతిదానికీ రెండేసి రూపాలు. తిల్యం, తైలీనం. మాష్యం, మాషీణం. ఉమ్యం, ఔమీనం. భంగ్యం, భాంగీనం. అణవ్యం, ఆణవీనం. మీరు "ఉమ" దగ్గర ఆగిపోయారు కానీ అసలు కీలకం అక్కడే ఉంది. ఉమ అంటే అవిసె, అదీ నార పంటే. దాని పక్కనే భంగా వచ్చింది. పాణిని కాలానికే దాన్ని చేలల్లో వేస్తున్నారని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అమరపాఠి:
అంత దూరం వెళ్లక్కర్లేదు, అమరకోశంలోనే ఉంది. "మాతులానీ తు భంగాయాం", అంటే మాతులాని భంగాకు మరో పేరు. ఆ మాట ఏ వర్గంలో ఉందో చూడండి. వైశ్యవర్గంలో, పైరుల మధ్య. మద్యం పేర్లన్నీ శూద్రవర్గంలో ఉంటాయి. అమరసింహుడికి భంగా మత్తుగా కనిపించి ఉంటే అక్కడే పెట్టేవాడు, పైరుల్లో కలిపేవాడు కాదు. మాతులాని అంటే మేనమామ భార్య కూడా కదా, ఆ పేరు ఈ మొక్కకు ఎలా వచ్చిందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

పైరుపచ్చ:
నారచీర గారూ, సూత్రంలో శణ ఉన్నా సరే, జనుము అని రాయకండి. జనుము క్రోటలేరియా జున్షియా. పసుపు పూలు పూసే, పచ్చిరొట్టగా దున్నేసే కాయజాతి మొక్క. హెంప్ కన్నబిస్ సటైవా. రెండింటికీ చుట్టరికమే లేదు. గొడవంతా ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టింది. గట్టి నార ఇచ్చే ప్రతి మొక్కకూ హెంప్ అని తోక తగిలించారు. జనుము సన్ హెంప్ అయింది, కిత్తనార సిసల్ హెంప్ అయింది, అరటి జాతి అబాకా మనీలా హెంప్ అయింది. ఓడల తాళ్లకు రష్యా హెంప్ మీద ఆధారపడలేక, బదులుగా పనికొచ్చే నారల కోసం విలియం రాక్స్‌బర్గ్ లాంటి వృక్షశాస్త్రజ్ఞులు మన జనుమును పరీక్షలు చేస్తూ కూర్చున్నారు. ఇప్పుడు మన పత్రికలు జూట్‌ను కూడా జనపనార అంటున్నాయి. ఒక్క మాట మూడు మొక్కలను మోయలేదు.

నారచీర:
జూట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ శణమే జనుము అయిందని మీరూ కాదనరు. హిందీలో సన్, తమిళంలో చణల్, కన్నడంలో సెణబు, మనకు జనుము. వీటన్నిటికీ మూలం ఒక్కటే. ఆ పాత "శణ" ఏ మొక్క అన్నదే నా అసలు ప్రశ్న. మనుస్మృతిలో క్షత్రియుడి యజ్ఞోపవీతం శణసూత్రంతో అని ఉంది. అది జనుమా, హెంపా?

కౌముది:
అథర్వవేదం రెండు మాటలనూ విడివిడిగానే వాడింది. పదకొండో కాండంలో సోమం, దర్భ, యవలతో కలిపి భంగ వస్తుంది. రెండో కాండంలో జంగిడం అనే మొక్కతో కలిపి శణం వస్తుంది. అక్కడ ఒకటి అడవి నుంచి తెచ్చింది, ఇంకొకటి సేద్యపు రసాల నుంచి పుట్టింది అంటాడు ఋషి. జంగిడం అడవిది, శణం దున్నిన నేలది అనే నా అన్వయం. రెండు మాటలుంటే రెండు మొక్కలు ఉన్నట్టే.

పైరుపచ్చ:
గఢ్వాల్ కొండల్లో హెంప్ నారతో నేసే ముతక గుడ్డ పేరు భంగేలా. శణేలా కాదు. నాకు ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

కందం:
ఇంత మంది పెద్దలు సంస్కృతంలోనే తిరుగుతున్నారు, తెలుగువాడికి గంజాయి అనగానే గుర్తొచ్చే పద్యాన్ని ఎవరూ ఎత్తలేదు. "కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" అన్న సమస్యకు తెనాలి రామకృష్ణుడు చెప్పాడనే మొదటి పూరణ. "గంజాయి త్రాగి" అని మొదలవుతుంది. తర్వాతి మాటలు ఇక్కడ రాయదగినవి కావు, కానీ ఎత్తుగడ చాలు. తెలుగులో ఆ మొక్క పేరు గంజాయే, అంతే.

అమరపాఠి:
"త్రాగి" కాదు, "తాగి" అని విన్నాను. "త్రా" వేస్తే ముందున్న "యి" గురువవుతుంది, గణం ఐదు మాత్రలై కందం చెడుతుంది.

కందం:
చెడదు. తెలుగు మాట తర్వాత వచ్చే "త్రా" వెనకటి అక్షరాన్ని గురువు చేయదు. గంజా, గగం. యి త్రాగి, జగణం. రెండో గణం కాబట్టి జగణానికి అడ్డు లేదు. పాదం హాయిగా నడుస్తుంది. ఇంకో సంగతి, "గంజాయి" అక్కడికి వచ్చింది మత్తు మీద మోజుతో కాదు, కుంజరానికి ప్రాస కుదరాలని. బిందువు మీద జకారం కావాలి. దీన్ని బట్టి అప్పట్లో ఎవరు ఏం పండించారో తేల్చడం కుదరదు.

కౌముది:
ఛందస్సు మీరు చెప్పినట్టే. కానీ అర్థం సంగతి? ఇక్కడ "త్రాగి" అంటే పొగ తాగడమా, నూరి కలుపుకుని తాగడమా? పొగాకును మనకు తెచ్చింది పోర్చుగీసువాళ్లు. చుట్ట తాగడం అన్న వాడుక ఆ తర్వాత బలపడిందని నా నమ్మకం. రాయల కాలపు పద్యమే అయితే అది భంగు తాగడమే అవుతుంది. భంగు ఆకుతో చేస్తారు, గంజాయి పూతతో. అప్పుడు కవి గంజాయి అన్నది మొత్తం మొక్కను.

పైరుపచ్చ:
ఇక్కడే చట్టం మీకన్నా ఖచ్చితంగా ఉంది కౌముది గారూ. 1985 చట్టంలో గంజాయి అంటే పూత, కాపు ఉన్న కొసలు మాత్రమే. కొసలతో కలవని ఆకులూ గింజలూ గంజాయి కావు. అంటే "పారిశ్రామిక గంజాయి" అన్న మాట చట్టం ప్రకారమే తప్పు. చేలో ఉన్నది మొక్క, గంజాయి దాని ఒక భాగం.

పొలంలో నిలబడి చూస్తే రెండు సాగులకూ పోలికే ఉండదు. నార కోసమైతే విత్తనం ఒత్తుగా చల్లుతారు. మొక్కలు వెలుతురు కోసం పోటీపడి, కొమ్మలు వెయ్యకుండా, వేలి లావు కాడలతో మనిషిని మించి నిలువుగా లేస్తాయి. గింజ ముదరకముందే కోస్తారు. కాడలను మంచులోనో నీళ్లలోనో ఊరబెడితే బెరడును కాడకు పట్టి ఉంచే జిగురు కుళ్లి నార పోగులు పోగులుగా విడిపోతుంది. లోపల తెల్లని బెండు మిగులుతుంది. ఫ్రాన్స్‌లో ఆ బెండును సున్నంతో కలిపి గోడలు కడుతున్నారు, బరువు తక్కువ, వేడినీ చలినీ ఆపుతాయి. గంజాయి పండించేవాడు మొక్కలను దూరదూరంగా పెట్టి, మగ మొక్కలు కనబడగానే పీకేస్తాడు. పుప్పొడి తగిలితే గింజ పడి అతని సరుకు చెడిపోతుంది. మగ మొక్కలు నిండిన నార చేను పక్కన గంజాయి వేస్తే అతనికే నష్టం. ఇది తెలియక నార రైతును అనుమానించడం చూస్తే నాకు బాధేస్తుంది.

నారచీర:
మరి ఆ 0.3 శాతం లెక్క? అంతకు మించి మత్తు పదార్థం ఉంటే హెంప్ కాదంటున్నారు. అమెరికా, ఉత్తరాఖండ్ రెండూ అదే అంకె పెట్టుకున్నాయి.

పైరుపచ్చ:
అది 1976లో ఎర్నెస్ట్ స్మాల్ అనే కెనడా వృక్షశాస్త్రజ్ఞుడు, క్రాంక్విస్ట్‌తో కలిసి, రెండు ఉపజాతులను విడదీయడానికి గీసిన గీత. వర్గీకరణ సౌకర్యం కోసమే. చట్టాలు దాన్నే పట్టుకున్నాయి. యూరప్‌లో 0.2 ఉండేది, 2023 నుంచి 0.3 చేశారు. ఎండ ఎక్కువైన ఏడు ఆ గీత దాటితే పంటంతా నాశనం చేయాల్సి రావచ్చు. అసలు మొక్కను చూసే తీరు అవసరాన్ని బట్టి మారుతూనే ఉంది. 1937లో అమెరికా దీనిమీద భారీ పన్ను వేసి సాగును దాదాపు చంపేసింది. 1942లో జపాన్ ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించి మనీలా నార ఆగిపోగానే, అదే ప్రభుత్వపు వ్యవసాయ శాఖ హెంప్ పండించమని రైతులకు ప్రచార చిత్రం తీసి చూపించింది.

అమరపాఠి:
అయితే "భంగ నార" అని రాయండి. పాణిని, అమరం, భంగేలా మూడూ మీ వైపు ఉన్నాయి.

పైరుపచ్చ:
"భంగ" అనగానే భంగపాటే తోస్తుంది తెలుగులో. హెంప్ అనే ఉంచండి, చదివేవాళ్లకు ఇప్పటికే అలవాటైంది.

నారచీర:
మొక్కకు హెంప్ అని, నారకు భంగ నార అని రాసి చూస్తున్నాను. జనుము వదిలేశాను కానీ ఆ శణసూత్రం ఏ మొక్కదో తేలేదాకా మనసు ఒప్పుకోదు.

కందం:
రెండో పూరణ ఎవరూ తలచుకోలేదు, అది అన్యాయం. "రంజన చెడి పాండవులరి / భంజనులై విరటు గొల్వ పాల్పడి రకటా". ఆరో గణం "టు గొల్వ", కందానికి కావలసిన జగణం సరిగ్గా అక్కడ కూర్చుంది. దోమ గొంతులో ఏనుగుల గుంపు దూరడమన్న అసంబద్ధాన్ని విరాటుడి కొలువులో పాండవుల దైన్యంగా మార్చేశాడు. మొదటి పూరణ కోపం, రెండోది కవిత్వం.

కౌముది:
రెండోదాని గొప్పతనం ఎవరు కాదన్నారు. "అకటా" అన్న ఆ ఒక్క నిట్టూర్పుకే దండం పెట్టాలి. నాకు కావలసింది మొదటిదాని పాఠం. పాత చాటుపద్య సంకలనం దగ్గరున్నవాళ్లు అందులో "తాగి" అని ఉందో, "త్రాగి" అని ఉందో చూసి చెప్పండి. పాఠాంతరం ఉంటే అదీ రాయండి.