పాత 300 ఎంఎం లెన్సు, కొత్త మిర్రర్‌లెస్ బాడీ: ఎదురొచ్చే పరుగు అందుతుందా?

హనుమకొండ నుంచి (చర్చ ప్రారంభం):

నా దగ్గరున్నది కెనాన్ ఈఎఫ్ 300 ఎంఎం ఎఫ్/4 ఎల్ ఐఎస్, అంటే 1997లో మార్కెట్లోకి వచ్చిన నమూనా. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగినప్పుడు ఈ లెన్సునే లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా 7డీ మార్క్ 2కు తగిలించి గ్యాలరీ నుంచి ఫొటోలు తీశాను. ఈ మధ్య ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా ఆర్7 బాడీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దాంతో డబ్బులు అయిపోయాయి కనుక రెండిటినీ కలిపే అడాప్టర్ పెట్టి పాత లెన్సుతోనే నెట్టుకొస్తున్నాను.

పోయిన వారం పాఠశాలల క్రీడల్లో లాంగ్‌జంప్ తీయడానికి ఇసుక గుంత వెనుక కూర్చున్నాను. పరుగు మొదలుకాగానే ఫోకస్ చతురస్రం ఆ అమ్మాయి ముఖాన్ని పట్టుకుంది, ఆమె గాలిలోకి లేచేదాకా ముఖాన్ని వదలలేదు కూడా. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే మాత్రం, గాలిలో ఉన్న ఫ్రేములన్నిటిలో ముఖం మసకగా ఉంది, ఆమె వెనుక రన్‌వే మీది సున్నపు గీత పొడి పొడిగా కనిపించేంత స్పష్టంగా ఉంది. తప్పు లెన్సుదా, అడాప్టర్‌దా, నాదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

కరీంనగర్ నుంచి:

అన్నా, సూటిగా చెబుతాను, ధర పలికేటప్పుడే ఆ లెన్సును అమ్మేయండి. ఫిల్మ్ కెమెరాల కాలంలో తయారైన ఫోకస్ మోటారును, సెకనుకు 15 ఫ్రేములు తీసే బాడీ వెంట పరుగెత్తమనడం న్యాయం కాదు. పాత డీఎస్ఎల్ఆర్‌ల లెన్సు బిగింపు అయిన ఈఎఫ్ మౌంటులో బాడీకీ లెన్సుకూ మధ్య 8 పిన్నులుంటే, మిర్రర్‌లెస్ కోసం 2018లో వచ్చిన ఆర్ఎఫ్ మౌంటులో 12 ఉన్నాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు. ఏ ఈఎఫ్ లెన్సులతో బర్స్ట్ (ఆగకుండా వరుసగా ఫ్రేములు తీయడం) పూర్తి వేగం అందుతుందో కెనాన్ స్వయంగా జాబితా ఇస్తుందంటేనే, అన్నిటితోనూ అందదని అర్థం. బాడీ మీద అంత ఖర్చు పెట్టి ముందు పాత గాజు బిగించుకుంటే ఆ ఖర్చు సగం వృథా.

నర్సంపేట నుంచి:

కరీంనగర్ సోదరులు అమ్మమన్నంత తేలిక కాదు, ఆ డబ్బుతో ఏం కొంటారో కూడా చెప్పాలి. ఆర్ఎఫ్‌లో 300 ఎఫ్/4 లెన్సు లేదు. 100-500 జూమ్ కొంటే 300 దగ్గర దాని అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/5.6 మాత్రమే, అంటే వెలుతురు సగానికి పడిపోతుంది. 100-300 ఎఫ్/2.8 ఉంది కానీ, దాని ధర చెబితే ఇంట్లో అన్నం పెట్టరు.

అడాప్టర్ మీద అనుమానం అవసరం లేదు. ఈఎఫ్ మౌంటుకూ సెన్సారుకూ మధ్య దూరం 44 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్‌లో అది 20. మిగిలిన 24 మిల్లీమీటర్లను నింపే ఖాళీ గొట్టమే అడాప్టర్, అందులో గాజు ముక్క ఒక్కటీ లేదు. పైగా మిర్రర్‌లెస్ వల్ల పాత లెన్సులు బాగుపడ్డాయని నేనంటాను. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సారు అద్దం కింద విడిగా ఉండేది కాబట్టి రెండు దారుల మధ్య వెంట్రుక వాసి తేడా వచ్చినా కన్ను బదులు చెవి స్పష్టంగా వచ్చేది, ఆ తేడాను సరిచేయడానికి గోడకు దినపత్రిక అంటించి నేను ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు బొమ్మ పడే సెన్సారే ఫోకస్‌నూ కొలుస్తుంది. పాఖాల కట్ట మీద నేను వాడే 400 ఎఫ్/5.6 లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేనే లేదు, దానికి బాడీలోని స్టెబిలైజేషన్ తోడైంది. బొమ్మను 1.4 రెట్లు దగ్గర చేసే ఎక్స్‌టెండర్ పెట్టి ఎఫ్/8కు దిగినప్పుడు 7డీ మార్క్ 2లో మధ్య ఫోకస్ పాయింటు ఒక్కటే పనిచేసేది, ఇప్పుడు అదే జోడీ ఎగిరే నీటికాకి కంటిని వెదికి పట్టుకుంటోంది.

మంచిర్యాల నుంచి:

ఇద్దరూ చెప్పినవి నిజాలే అయినా, హనుమకొండ సార్ అడిగినదానికి అవి జవాబు కావని నా అభిప్రాయం. నర్సంపేట వారి నీటికాకి కట్టకు అడ్డంగా ఎగురుతుంది కనుక కెమెరాకూ పక్షికీ మధ్య దూరం పెద్దగా మారదు, లెన్సు మోటారుకు పనీ పెద్దగా ఉండదు. లాంగ్‌జంప్ అమ్మాయి నేరుగా లెన్సు మీదికే వస్తోంది. మోటారుకు అసలు పరీక్ష అక్కడే.

లెక్క వేసి చూడండి. 300 ఎంఎం లెన్సును సాదా కటకంగా భావిస్తే, సెకనుకు 8 మీటర్ల వేగంతో వచ్చే మనిషి 40 మీటర్ల నుంచి 32 మీటర్లకు చేరే సెకనులో ఫోకస్ 0.6 మిల్లీమీటర్లు జరిగితే చాలు. అదే మనిషి అదే వేగంతో 16 నుంచి 8 మీటర్లకు వచ్చే సెకనులో దాదాపు 6 మిల్లీమీటర్లు జరగాలి. లోపలి కటకాలు కదిలే లెన్సుల్లో అంకెలు వేరుగా ఉంటాయి కానీ, ఆ పది రెట్ల పోలిక ఇంచుమించు అలాగే ఉంటుంది. ఇక 12 మీటర్ల దగ్గర ఎఫ్/4లో, ఆర్7 సెన్సారు మీద, స్పష్టంగా కనిపించే మందం పావు మీటరు మాత్రమే. సెకనుకు 15 ఫ్రేములంటే ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ మధ్య ఆమె అర మీటరు ముందుకు వచ్చేస్తుంది. చతురస్రం ముఖాన్ని వదలకపోవడం బాడీ గొప్పతనం, అది ఆజ్ఞ ఇచ్చినా మోటారు ఆ చోటికి చేరకపోవడం లెన్సు ముసలితనం. అందుకే మీకు వెనుక ఉన్న సున్నపు గీత స్పష్టంగా వచ్చింది.

అయితే ఈ లెక్కకు విరుగుడు లెక్కలోనే ఉంది. మీరు 15 మీటర్లు వెనక్కి జరిగితే ఆ చివరి సెకను 31 నుంచి 23 మీటర్ల మధ్య పడుతుంది, మోటారు జరపవలసింది సుమారు 1 మిల్లీమీటరుకు తగ్గుతుంది. బొమ్మ చిన్నదవుతుంది, కానీ 32.5 మెగాపిక్సెళ్లున్న సెన్సారులో కత్తిరించుకోవడానికి చోటుంది. లెన్సు మీది స్విచ్‌ను 3 మీటర్ల నుంచి అనంతానికి పెట్టండి, ఒకసారి పట్టు తప్పినా మరీ దగ్గరి దూరాలదాకా వెదుక్కుంటూ పోదు. ఎలక్ట్రానిక్ షట్టర్ జోలికి వెళ్లకండి, ఊగే చేతులు వంకరగా వస్తాయి.

కరీంనగర్ నుంచి:

లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ వెనక్కి జరగడానికి చోటు ఉన్నచోటే ఆ లెక్క చెల్లుతుంది. నేను ఇండోర్ హాళ్లలో కబడ్డీ తీస్తాను. రెయిడర్ మధ్య గీత దాటి నా వైపు దూకేసరికి నా వీపు గోడకు ఆని ఉంటుంది. అక్కడి దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి కనుక యాంటీ ఫ్లికర్ ఆన్ చేయాలి, దాంతో బర్స్ట్ ఇంకొంచెం తగ్గుతుంది. అలాంటిచోట ఎఫ్/2.8 లేకపోతే కెమెరా సంచిలోనే ఉండనివ్వడం మేలు.

నర్సంపేట నుంచి:

మీరు అక్కడ వాడే ఎఫ్/2.8 ఏదో చెప్పండి సోదరా.

కరీంనగర్ నుంచి:

70-200 ఎల్ ఐఎస్ 2. అవును, అడాప్టర్ మీదే. 2010లో వచ్చినది కాబట్టి దాన్ని నేను పాత లెన్సుగా లెక్కించలేదు. దాని మోటారుకూ 1997 నాటి మోటారుకూ పోలిక లేదు.

ఆదిలాబాద్ నుంచి:

నికాన్ వాళ్లు ఈ చర్చ చదివి తొందరపడకూడదని రాస్తున్నాను. పాత నికాన్ లెన్సులను మిర్రర్‌లెస్ బాడీకి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. బాడీలోని మరతో తిరిగే ఏఎఫ్-డీ లెన్సులు, ఉదాహరణకు పాత 80-200 ఎఫ్/2.8 డీ, దాని మీద చేతితో తిప్పుకునే లెన్సులైపోతాయి. మోటారు లోపలే ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఈ ఇబ్బంది లేదు.

హనుమకొండ నుంచి:

నిన్న ఉదయం సాధన సమయంలో మైదానానికి వెళ్లి, ఇసుక గుంత అంచు నుంచి పదిహేను పెద్ద అంగలు వెనక్కి వేసి, కొద్దిగా ఎడమకు జరిగి కూర్చున్నాను. మంచిర్యాల సార్ చెప్పినట్టు స్విచ్ మార్చాను. పలక మీద కాలు పడ్డ ఫ్రేము, గాలిలో రెండు చేతులూ ముందుకు చాచిన ఫ్రేము, మడమలు ఇసుకను తాకిన ఫ్రేము, మూడింటిలోనూ కనుబొమల మీది చెమట కనిపించింది. పాత చోటికే తిరిగి వెళ్లి ఇంకో అమ్మాయి దూకడం తీస్తే మళ్లీ పోయిన వారం కథే, ఫోకస్ ఒక అడుగు వెనుకబడింది. లెన్సును అమ్మకానికి పెట్టడం లేదు. అయితే వచ్చే వారం పోటీలు జరిగే పాఠశాలలో గుంత వెనుకే ప్రహరీ ఉందట, కనుక అక్కడ ఎదురుగా కూర్చునే ఆలోచన మానుకుని రన్‌వే పక్క నుంచే తీస్తాను.