చర్చ: రొయ్యల ప్లాంటు సర్వర్ రూమ్‌ను క్లౌడ్‌కు మార్చాలంటే ఏది పంపాలి, ఏది గేటు దగ్గరే ఉంచాలి?

ఉండి_సిస్టమ్స్:
భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. రెండు ఫిజికల్ సర్వర్లు, వాటి మీద ఏడు వర్చువల్ మెషిన్లు (సాఫ్ట్‌వేర్‌తో విడదీసిన సర్వర్లు). విండోస్ సర్వర్ 2012 ఆర్2, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 (డేటాబేస్) మీద ఈఆర్‌పీ (ప్లాంటు లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్), టాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్), 2.4 టీబీ ఫైల్ సర్వర్ (ఎక్కువగా లాట్ ఫొటోలు, ఎగుమతి కాగితాల స్కాన్లు), కాటా సాఫ్ట్‌వేర్, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ లాగర్, 16 సీసీ కెమెరాలు. వాడేవాళ్లు అరవై మంది. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఒక్కటే ఉంది. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడుతున్నాయి, యూపీఎస్ బ్యాటరీలు మార్చే వేళ అయింది. కొత్త సర్వర్లు కొనాలా, అంతా క్లౌడ్‌కు పంపేయాలా అని యాజమాన్యం అడుగుతోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గట్టు_నెట్‌వర్క్:
ముందు ఆ ‘అంతా’ తీసేయండి. ఒక్కో సిస్టమ్‌కూ ఒకటే ప్రశ్న: నెట్ ఆరు గంటలు పోతే ఇది ఆగొచ్చా? ఈఆర్‌పీ రిపోర్టులు ఆగొచ్చు. టాలీ ఆగొచ్చు. కాటా ఆగకూడదు. గేటు బయట సరుకు లారీలు వరసలో ఉంటే ఐసు కరుగుతూ ఉంటుంది, రైతు ఊరుకోడు.

కాటా ఇండికేటర్ నుంచి తూకం ఆర్‌ఎస్-232 (పాతకాలపు సీరియల్) కేబుల్‌లో వస్తుంది, చాలా చోట్ల 9600 బాడ్ రేటు (వేగం). దాన్ని క్లౌడ్ సర్వర్‌కు కామ్ పోర్ట్ రీడైరెక్షన్‌తో (ఇక్కడి సీరియల్ పోర్టు నెట్ మీదుగా అక్కడ కనిపించేలా) చూపించే పని పెట్టుకోవద్దు. గేటు దగ్గర ఒక చిన్న పీసీ, అందులో ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎడిషన్) ఉంచండి (2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉంది, కాటా టికెట్లకు సరిపోతుంది). టికెట్ అక్కడే ప్రింట్ అవ్వాలి. నెట్ ఉన్నప్పుడు పైకి సింక్ అవ్వాలి. టికెట్ నంబరుకు గేటు కోడ్ ముందు చేర్చండి, లేకపోతే నెట్ తిరిగొచ్చాక రెండు గేట్ల నుంచీ ఒకే నంబరు వచ్చి సింక్ ఆగిపోతుంది. టెంపరేచర్ లాగర్‌కూ ఇదే పద్ధతి: రీడింగ్ ముందు లోకల్ డిస్క్ మీద పడాలి, తర్వాతే క్లౌడ్‌కు. మైనస్ 18 డిగ్రీల రికార్డులో ఖాళీ కనిపిస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పలేరు.

కెమెరాలు అక్కడే ఉండనివ్వండి. ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకున్నా 16 కలిపి 32 ఎంబీపీఎస్, పగలూ రాత్రీ పైకి పోతూనే ఉంటుంది.

ఇక లైను. రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని రెండు దారులు ఉన్నాయనుకుంటారు. మన వైపు రెండూ ఒకే కాలవగట్టు మీద ఒకే స్తంభాలకు వేలాడుతుంటాయి. ఈదురుగాలికి స్తంభం ఒరిగితే రెండూ పోతాయి. వేసవిలో కాలవలు కట్టేశాక పూడిక తీసే జేసీబీలు భూమిలో వేసిన కేబుల్‌నూ వదలవు. ప్లాంటు నుంచి టౌను దాకా బండి మీద వెళ్లి రెండు కేబుళ్లు ఎక్కడ కలుస్తున్నాయో కళ్లారా చూడండి. కలుస్తుంటే రెండోదానికి బయట యాంటెన్నాతో 4జీ లేదా వేరే దిక్కు నుంచి రేడియో లింకు తీసుకోండి. పెద్ద తుఫానులో టవర్లకు డీజిల్ అయిపోతే ఆ 4జీ కూడా ఉండదు. అందుకే గేటు పీసీ ఒక రోజంతా ఒంటరిగా నడిచేలా ఉండాలి, జనరేటర్ లైను మీద ఉండాలి.

డీబీఏ_కాకినాడ:
గట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. డేటాబేస్ సంగతి నేను చెబుతాను.

విండోస్ 2012 ఆర్2 సపోర్టు 2023 అక్టోబరు 10న, ఎస్‌క్యూఎల్ 2014ది 2024 జులై 9న ముగిశాయి. కాబట్టి ఉన్న వర్చువల్ మెషిన్‌ను అలాగే ఎత్తి క్లౌడ్‌లో పెట్టడం పాత రోగాన్ని కొత్త ఇంటికి తీసుకెళ్లడమే. కొత్త విండోస్, ఎస్‌క్యూఎల్ 2019 లేదా 2022 వేసి డేటాబేస్ రిస్టోర్ చేయండి. కంపాటిబిలిటీ లెవెల్ 120 (2014 లాగే నడిచే సెట్టింగు) దగ్గరే ఉంచి, క్వెరీ స్టోర్ (ఏ క్వెరీ ఎలా నడిచిందో రాసుకునేది) ఆన్ చేసి, రెండు మూడు వారాల లోడు చూశాక పెంచండి. మొదటి రోజే పెంచితే నెమ్మదించిన రిపోర్టుకు కారణం క్లౌడా, డేటాబేస్ క్వెరీ నడిపే కొత్త ప్లానా తేల్చలేరు.

ఫుల్ బ్యాకప్‌ను కంప్రెస్ చేసి ముందే పంపి, అక్కడ నోరికవరీలో (తర్వాతి బ్యాకప్‌లు కలిపేందుకు వీలుగా, తెరవకుండా) రిస్టోర్ చేసి ఉంచాలి. మార్పు రాత్రి డిఫరెన్షియల్ (ఫుల్ తర్వాత మారినవి), ఆఖరున టెయిల్ లాగ్ (పాత సర్వర్‌లో మిగిలిన చివరి ఎంట్రీలు). ఇలా చేస్తే ఆగే సమయం నిమిషాల్లో ఉంటుంది. మరిచిపోయేవి ఏమిటంటే లాగిన్లు, ఏజెంట్ జాబ్‌లు (వేళకు వాటంతటవే నడిచే పనులు), లింక్డ్ సర్వర్లు (ఇతర సర్వర్లతో కనెక్షన్లు). ఇవి మీ డేటాబేస్ బ్యాకప్‌లో రావు, మాస్టర్, ఎంఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లలో ఉంటాయి. లాగిన్‌ను అదే ఎస్‌ఐడీతో (లోపలి గుర్తింపు సంఖ్య) సృష్టించకపోతే యూజర్లు అనాథలై ఈఆర్‌పీ తెరుచుకోదు. ఇంకోటి: ఎస్‌క్యూఎల్ 2022లో రిస్టోర్ అయిన డేటాబేస్ తిరిగి 2014కు రాదు. వెనక్కి రావాలంటే ఆ రోజు ఎంట్రీలను విడిగా ఎక్స్‌పోర్ట్ చేసే స్క్రిప్టు ముందే రాసి ఉంచాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది టైమ్ జోన్. క్లౌడ్ సర్వర్ మామూలుగా యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) లేస్తుంది. మన అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 దాకా అక్కడ నిన్నటి తేదీయే నడుస్తుంది. నైట్ షిఫ్టులో ప్యాక్ చేసిన లాట్లన్నీ ముందు రోజు తేదీతో పడతాయి, ఎగుమతి కాగితాలకూ కార్టన్ మీద తేదీకీ పొంతన ఉండదు. వర్చువల్ మెషిన్ అయితే టైమ్ జోన్ మార్చుకోవచ్చు. అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వీసు మాత్రం ఎప్పుడూ యూటీసీయే, కోడ్‌లో గెట్‌డేట్ (ఇప్పటి తేదీ, సమయం ఇచ్చే ఫంక్షన్) వాడిన చోటల్లా సరిచేయాలి. పాత ఈఆర్‌పీలో అవి వందల్లో ఉంటే ఆ దారి పట్టకండి.

ఉండి_సిస్టమ్స్:
ధన్యవాదాలండి. టాలీ డేటా ఫోల్డర్ క్లౌడ్‌లో పెట్టి, ఇక్కడి పీసీల్లో టాలీ తెరిస్తే చాలదా? డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు కూడా ఉన్నాయి.

గట్టు_నెట్‌వర్క్:
చాలదండి. టాలీ ఫైళ్లను షేర్ మీద చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది, ప్రతి ముక్కకూ ఒక రాకపోక. నెమ్మదిగా ఉండటం ఒక ఎత్తు, వోచర్ సేవ్ అవుతుండగా లైను తెగితే డేటా పాడై రీరైట్ (టాలీ డేటాను బాగుచేసే పని) దాకా వెళ్తుంది. టాలీ, డేటా రెండూ ఒకే క్లౌడ్ విండోస్ సర్వర్‌లో ఉండాలి, జనం రిమోట్ డెస్క్‌టాప్‌లో రావాలి. లైను తెగినా సెషన్ అక్కడే ఉంటుంది. విండోస్ సర్వర్‌తో వచ్చేది అడ్మిన్ పనికి రెండు సెషన్లే. మిగతావాళ్లకు ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) లైసెన్సులు కొనాలి. 120 రోజుల గ్రేస్ ఉంటుంది కాబట్టి మొదట్లో అన్నీ సవ్యంగా నడుస్తాయి, ఆ తర్వాత ఒక ఉదయం ఎవరూ లాగిన్ కాలేరు.

డాట్ మ్యాట్రిక్స్‌లో ఒక్క వేబిల్లుకు నిమిషాలు పడుతోందంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చే ఈజీ ప్రింట్ డ్రైవరే కారణం. అది పేజీని బొమ్మగా పంపుతుంది. సర్వర్‌లో అసలు ప్రింటర్ డ్రైవర్ వేసి, గ్రూప్ పాలసీలో ‘ఈజీ ప్రింట్ ముందు’ అన్నదాన్ని డిసేబుల్ చేయండి.

3389 (రిమోట్ డెస్క్‌టాప్) పోర్టును మాత్రం ప్రపంచానికి తెరవకండి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే సొంత రహస్య దారి) ద్వారానే రావాలి. వీపీఎన్‌లో రెండు చిక్కులు తప్పకుండా వస్తాయి. మొదటిది: ప్లాంటు, బ్రాంచీ, ఐస్ ఫ్యాక్టరీ అన్నీ 192.168.1.0/24 అనే ఒకే ఐపీ అడ్రసుల శ్రేణి మీదే ఉంటాయి, కలిపితే రూటింగ్ కుదరదు. క్లౌడ్ నెట్‌వర్క్ గీయకముందే చోటుకో శ్రేణి ఇచ్చేయండి. రెండోది: లాగిన్ అవుతుంది, పింగ్ వస్తుంది, పెద్ద రిపోర్టు తెరిస్తే బిగుసుకుపోతుంది. అది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్య. డోంట్ ఫ్రాగ్మెంట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దు) పెట్టి 1472 బైట్ల పింగ్‌తో మొదలుపెట్టి తగ్గిస్తూ రండి, రూటర్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా) 1350కి బిగించండి. ఊళ్లలో చవక ఫైబర్ ప్లాన్లు చాలావరకు సీజీ నాట్ వెనక (ఒకే ఐపీని చాలామంది పంచుకుంటూ) ఉంటాయి, స్టాటిక్ (మారని) ఐపీ విడిగా అడిగి తీసుకోండి.

బిల్లు_చూసేవాడు_తణుకు:
ఖర్చు సంగతి. సర్వర్ ఆపితే అద్దె ఆగుతుంది, దాని డిస్క్ అద్దె ఆగదు. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు 2024 ఫిబ్రవరి నుంచి గంటకు 0.005 డాలర్లు. నాట్ గేట్‌వేకి (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్లే దారి) గంటకొక లెక్క, జీబీకొక లెక్క. బ్యాకప్‌లు దాని గుండా ఎస్3కి (ఏడబ్ల్యూఎస్ ఫైల్ నిల్వ) పోతుంటే ఊరికే కట్టినట్టే, ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్ ఉచితం. డిస్క్ జీపీ2 రకంలో ఉంటే జీపీ3కి మార్చండి, జీబీ ధర 20 శాతం తక్కువ, 3000 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనులు) ధరలోనే వస్తాయి.

మీ 2.4 టీబీ: లైనులో 70 ఎంబీపీఎస్ దీనికే ఇచ్చినా 76 గంటలు. పగలు 20 ఎంబీపీఎస్‌కి తగ్గించి, రాత్రి వదిలేయండి. 40 కేబీ స్కాన్లను విడివిడిగా ఎస్3లో స్టాండర్డ్ ఐఏ (అరుదుగా తెరిచే ఫైళ్ల) క్లాసులో వేయకండి, ఒక్కోదానికి కనీసం 128 కేబీ లెక్క కడతారు. నెలకో జిప్ చేసి పంపండి. ఏడాది కమిట్‌మెంట్ మొదటి రోజే తీసుకోవద్దు. అన్‌సీజన్, సీజన్ రెండూ చూశాక ఎప్పుడూ నడిచే భాగానికి మాత్రమే తీసుకోండి.

లెక్కలు_అమలాపురం:
ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ భారత్‌లో ఉన్న సర్వర్‌లో పడాలి, కంపెనీల ఖాతాల నిబంధనలకు 2022లో వచ్చిన సవరణ అదే చెబుతుంది. ఏడబ్ల్యూఎస్ ముంబై, 2022 నవంబరులో వచ్చిన హైదరాబాద్, అజూర్ పుణె, చెన్నై ఏదైనా సరే. ఒక్క బ్యాకప్ కాపీ సింగపూర్‌లో మాత్రమే ఉండకుండా చూసుకోండి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. ఫైర్‌వాల్ లాగ్‌ను రూటర్ మెమరీలో వదిలేస్తే రీబూట్‌తో పోతుంది, బయటికి పంపండి.

మార్పు తేదీ 11కీ 20కీ దగ్గర పెట్టకండి, జీఎస్టీ రిటర్నులు ఉంటాయి. 22 నుంచి 27 మధ్య మంచిది, మార్చి వద్దు. సంక్రాంతికి ప్లాంటు ఖాళీ కదా అని అప్పుడు పెట్టుకుంటే ఈఆర్‌పీ వెండర్ ఫోన్ ఎత్తడు.

డీబీఏ_కాకినాడ:
తేదీకి వారం ముందు, సరుకు దిగుతున్న వేళ, అందరికీ చెప్పి ఫైబర్ కేబుల్ పీకి రెండు గంటలు ఉంచండి. కాటా టికెట్లు ఆగకుండా పడ్డాయా, పెట్టాక అన్నీ ఒక్కసారే సింక్ అయ్యాయా సరిచూడండి. మార్పు తర్వాత పాత సర్వర్లను నెల రోజులు ఉంచండి, కానీ నెట్‌వర్క్ కేబుళ్లు తీసేసి. ఏదో ఒక పీసీలో పాత షేర్‌కు షార్ట్‌కట్ మిగిలే ఉంటుంది. కేబుల్ ఉంటే స్కాన్లు చడీచప్పుడు లేకుండా పాత డిస్క్ మీదే పడుతుంటాయి. కేబుల్ లేకపోతే ఆ పీసీలో ఎర్రర్ వస్తుంది, మీకు వెంటనే ఫోన్ వస్తుంది.