ప్రత్యర్థి మీద విదేశీ సాయం అడిగిన అధ్యక్షుణ్ణి అభిశంసించడం సబబేనా?

కృష్ణాతీరం:
2019 జూలై 25న ట్రంప్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీకి ఫోన్ చేసి, 2020 ఎన్నికల్లో తనకు పోటీ కాగల జో బైడెన్ మీద, ఆయన కొడుకు హంటర్ మీద దర్యాప్తు చేయించమని అడిగారు. అప్పటికే ఆ దేశానికి అందాల్సిన సుమారు 39 కోట్ల డాలర్ల సైనిక సాయాన్ని ఆపించి ఉంచారు. డిసెంబర్ 18న ప్రతినిధుల సభ అభిశంసించింది. 2020 ఫిబ్రవరి 5న సెనేట్ నిర్దోషి అంది. పదవి తీసేసేంత తప్పేనా ఇది? మీరేమంటారు?

డల్లాస్ తెలుగు:
కాదనే అంటాను. హంటర్ 2014లో ఉక్రెయిన్‌కు చెందిన బురిస్మా గ్యాస్ కంపెనీ బోర్డులో చేరినప్పుడు అమెరికా తరఫున ఆ దేశ వ్యవహారాలు చూస్తున్నది అప్పటి ఉపాధ్యక్షుడైన ఆయన తండ్రే. దాని గురించి అడగకూడదా? సాయం సెప్టెంబర్ 11న విడుదలైంది, జెలెన్‌స్కీ ఏ దర్యాప్తూ ప్రకటించలేదు. ఎన్నికలు ఏడాదిలోపే ఉన్నాయి కదా, ఓటర్లకే వదిలేయాల్సింది.

పాత పాఠకుడు:
డల్లాస్ గారూ, అడగొచ్చు. అందుకు ఎఫ్‌బీఐ ఉంది, న్యాయశాఖ ఉంది, దర్యాప్తుల్లో సహకారానికి రెండు దేశాల మధ్య ఒప్పందమూ ఉంది. వాటన్నిటినీ పక్కనబెట్టి సొంత లాయర్ రూడీ జూలియానీని ఎందుకు దింపారు? యూరోపియన్ యూనియన్‌లో అప్పటి అమెరికా రాయబారి గోర్డన్ సాండ్‌లాండ్ కాంగ్రెస్ ముందు చెప్పిన మాట చూడండి: జెలెన్‌స్కీ దర్యాప్తులు ప్రకటిస్తే చాలు, నిజంగా జరపనక్కర్లేదు. నిజం తేలాలని కోరుకునేవాళ్లకు ఉత్త ప్రకటన దేనికి?

పైగా అది కాంగ్రెస్ మంజూరు చేసిన డబ్బు. దాన్ని ఆపడం చట్టవిరుద్ధమని 2020 జనవరిలో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. ఇక విడుదల సంగతంటారా, సెప్టెంబర్ 9న సభా కమిటీలు విచారణ మొదలుపెట్టాయి, రెండు రోజులకే డబ్బు కదిలింది. రష్యాతో యుద్ధంలో ఉన్న దేశాన్ని అలా ఇరుకున పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఓటర్లకు వదిలేయమంటున్నారు, ఆ ఓటర్లనే తప్పుదారి పట్టించడానికి జరిగిన ప్రయత్నం కదా ఇది!

డల్లాస్ తెలుగు:
సాండ్‌లాండ్ మాట బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు. సభలో బలముంది కదా అని అభిశంసిస్తూ పోతే రేపు ఏ అధ్యక్షుడికైనా ఇదే గతి.

పాత పాఠకుడు:
ఆ భయం న్యాయమైనదే. కానీ సెనేట్‌లో రిపబ్లికన్ అయిన మిట్ రోమ్నీ తన పార్టీని కాదని, అధికార దుర్వినియోగం అభియోగంపై దోషి అనే ఓటేశారు. 67 కావాల్సిన చోట 48 వచ్చాయి, సరే. సమన్లు పంపితే వచ్చి సాక్ష్యం చెప్తానని మాజీ జాతీయ భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ ముందే అన్నారు. 51-49 ఓట్లతో సెనేట్ సాక్షుల్నే వద్దంది. లోపల ఏం జరిగిందో తెలిసిన మనిషిని పిలవకుండా ఇచ్చిన తీర్పును నిర్దోషిత్వానికి రుజువుగా నేను తీసుకోలేను.